పదకొండో నంబరు పట్టిన నాడి

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం మన నర్సింగ్ స్కూలు ప్రిన్సిపాల్ నాకు ఫోన్ చేసింది. ఆమె నా దగ్గర చదువుకున్న పిల్లే. ఇప్పుడు నాకంటే పెద్ద కుర్చీలో కూర్చున్నా, నాతో మాట్లాడేటప్పుడు మాత్రం ఇంకా వార్డులో తిట్లు తినబోయే అమ్మాయిలాగే గొంతు తగ్గిస్తుంది.

"మేడమ్, సావనీర్ పుస్తకం వేస్తాండాం. యూనివర్సిటీ వాళ్లు మన స్కూలు చరిత్ర అడిగినారు. రెండు పేజీలు చాలు. మీరు తప్ప రాసేటోళ్లు ఎవరుండారు?"

"ఏం రాయాలమ్మా?"

"యాడ మొదలైంది, ఎట్ల మొదలైంది, మొదటి బ్యాచిలో ఎంతమంది. అంతే మేడమ్."

అంతే అనుకుని నేనూ ఒప్పుకున్నాను. పెట్టెలో ఉన్న మంచి పెన్ను తీశాను. 'మన స్కూలు ఆదోనిలో' అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాను. ఎందుకంటే మన స్కూలు ఆదోనిలో మొదలు కాలేదు. ఆ మాట కొట్టేసి 'ఎమ్మిగనూరులో' అని రాశాను. అదీ పూర్తిగా నిజమా అంటే చెప్పలేను. ఎమ్మిగనూరులో ఉన్నప్పుడు మనకు యూనివర్సిటీ గుర్తింపు లేదు. గుర్తింపు లేనిదాన్ని స్కూలు అనాలో, ఇరవైమంది ఆడపిల్లలు ఒక మేడ మీద కాపురం పెట్టడం అనాలో నాకు తెలియలేదు. మొదటి బ్యాచిలో ఎంతమంది అన్న దగ్గరికి వచ్చేసరికి పెన్ను మూసి పెట్టేశాను. రిజిస్టర్లో పంతొమ్మిది మంది ఉంటారు. నా లెక్కకు ఇరవై.

ఆ ఒక్క అమ్మాయి సంగతే ఇక్కడ చెప్పబోతున్నాను. ఇప్పుడు చదువుకుంటున్న పిల్లలు కొంచెం ఓపిక పట్టి వినండి. ఇందులో నేను గొప్పగా చేసిన పని ఒక్కటీ లేదు.

మనవాళ్లు స్కూలు పెట్టాలనుకున్నప్పుడు ఆదోనిలో హాస్టల్ గోడలు లేచాయి కానీ కప్పు పడలేదు. పిల్లలు మాత్రం ట్రంకు పెట్టెలతో వచ్చేశారు. మద్దికెర నుంచి, గూడూరు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలి ఇళ్ల పిల్లలు. వాళ్లను వెనక్కి పంపితే మళ్లీ రారని పెద్ద మేడమ్‌కు భయం. పెద్ద మేడమ్ అంటే మా మొదటి ప్రిన్సిపాల్. నవ్వడం కూడా టైమ్ టేబుల్లో వేసుకునే మనిషి. ఆమె ఎమ్మిగనూరులో నేతవాళ్ల వీధిలో ఒక మేడ అద్దెకు తీసుకుంది. కింద నాలుగు గుంట మగ్గాలు ఆడుతుండేవి. పైన మేము. పక్క వీధిలో ఒక చిన్న ఆస్పత్రి ఉండేది, అందులో పిల్లలకు పని నేర్పేవాళ్లం. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

మా స్కూల్లో పిల్లలను పేరుతో పిలిచే అలవాటు లేదు. ఒకటో నంబరు, రెండో నంబరు, అంతే. వార్డులో పది గొంతులు ఒకేసారి లేస్తుంటే నంబరైతే చప్పున తగులుతుందని పెద్ద మేడమ్ వాదన. నాకది బాగానే నచ్చింది. పేర్లు గుర్తుపెట్టుకునే బాధ తప్పింది కదా. ఆ బాధ తప్పించుకున్నందుకు తర్వాత ఎంత బాధపడ్డానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

పదకొండో నంబరు ఆ నేతవీధి పిల్లే. మా మేడకు నాలుగిళ్ల అవతల వాళ్ల ఇల్లు. సన్నగా ఉండేది, తక్కువ మాట్లాడేది. ఎప్పుడూ ఏదో వింటున్నట్టు తల ఒకవైపుకు వంచేది. కింద మగ్గం ఆగకముందే "పోగు తెగింది మేడమ్" అనేది. ఒక్క క్షణానికి మగ్గం ఆగేది. పిల్లలకు అదొక వినోదం. నాకు మాత్రం పాఠం పాడైపోతుందని చిరాకు.

నేను నేర్పే మొదటి పాఠం నాడి పట్టుకోవడం. బొటనవేలు కింద మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించాలి. వాచీలో సెకన్ల ముల్లు చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించే దొంగపని నా క్లాసులో పనికిరాదు. "నిండు నిమిషం, నిండు నిమిషం" అని ఎంతగా అరిచేదాన్నంటే, పిల్లలు నా వెనక నన్ను నిండు నిమిషం మేడమ్ అనేవాళ్లు. నాకు తెలుసు. లోలోపల గర్వంగా కూడా ఉండేది.

అయితే ఆ మేడ వల్ల ఆస్పత్రిలో ఒక తమాషా జరిగింది. జ్వరంతో పడుకున్న వాళ్లదీ, బాలింతదీ, కాలు విరిగిన ఆయనదీ, అందరి నాడీ ఒకే అంకె చూపించడం మొదలుపెట్టింది. నాకు రెండు రోజులు ఏమీ అర్థం కాలేదు. మూడో రోజు తెలిసింది. పిల్లలు మేడ మీద ఒకరి నాడి ఒకరు పట్టుకుని సాధన చేస్తున్నప్పుడు కింద మగ్గం చప్పుడుకు తాళం పడిపోయింది. ఆస్పత్రికి వెళ్లినా వాళ్ల చెవుల్లో మగ్గమే ఆడుతోంది. వేళ్లు రోగి చేతి మీద, లెక్క మాత్రం మగ్గానిది. ఆ జబ్బు వదిలించడానికి నాకు నెలలు పట్టింది. కాలితో తాళం వేసే పిల్ల కనబడితే చాలు, స్కేలుతో మోకాలు మీద ఒకటి తగిలించేదాన్ని.

తర్వాత హాస్టల్ కప్పు పడింది, ఆదోనికి వచ్చేశాం. పిల్లలకు పని ఇక అక్కడి మా ఆస్పత్రిలోనే. యూనివర్సిటీ గుర్తింపు కోసం కాగితాలు వెళ్లాయి. మొదటి ప్రాక్టికల్ పరీక్షకు వాళ్లే ఎక్స్‌టర్నల్‌ను, అంటే బయటి ఎగ్జామినర్‌ను, పంపుతామన్నారు. ఆమె చూసి బాగుందంటేనే గుర్తింపు కమిటీ వస్తుంది. బాగాలేదంటే ఇరవైమంది చదువూ గంగలో కలిసినట్టే. వారం రోజులు మేం ఎవరం సరిగా నిద్రపోలేదు. పెద్ద మేడమ్ కర్టెన్లు రెండుసార్లు ఉతికించింది.

పరీక్ష రోజు పొద్దున్నే ఎక్స్‌టర్నల్ దిగింది. బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పెట్టాం. ఆమె బజ్జీలోని మిరపకాయ తీసి పక్కన పెట్టి, శనగపిండి పైపొర మాత్రం తిన్నది. అది మంచి శకునమో చెడ్డ శకునమో తెలియక వంటావిడ నన్ను అడిగింది. నాకూ తెలియదన్నాను. మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు ఆమె వెళ్లిపోవాలి. ఇరవైమందిని అప్పటికి ముగించాలి. నేను ఇంటర్నల్‌ని. అంటే పిల్ల నాడి చూసి అంకె చెప్పాక, అదే చెయ్యి నేనూ పట్టుకుని చూసి, సరో కాదో చెప్పేదాన్ని.

పదకొండో నంబరుకు వచ్చిన రోగి మద్దికెర వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ. కాలికి పుండు పడి చేరింది. పదకొండో నంబరు ఆమె మంచం పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంది. తల ఒకవైపు వంచింది. నిమిషం అయింది. వదలలేదు. ఇంకో నిమిషం పట్టుకుంది. నా ఖర్మ, ఆ పిల్ల కాలు నేల మీద మెల్లగా కదలడం నా కంట పడింది.

"అరవై ఎనిమిది మేడమ్. కానీ ఒగ తీరుగా ల్యాదు. తప్పుతాంది. మధ్యలో ఒగటి పోయి మళ్లా వస్తాంది," అంది.

ఎక్స్‌టర్నల్ నా వైపు చూసింది. నేను వెళ్లి ముసలమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఇక్కడే పిల్లలూ, మీకు నిజం చెప్పాలి. అప్పటికి పన్నెండున్నర దాటింది. ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు. నేను పదిహేను సెకన్లు చూశాను. ఇరవై వచ్చింది. నాలుగుతో గుణించాను.

"ఎనభై," అన్నాను.

"రెగ్యులరేనా?" అని అడిగింది ఎక్స్‌టర్నల్.

"రెగ్యులర్."

"మేడమ్, ఇంగొకసారి సూడండి. నిండు నిమిషం సూడండి," అంది పదకొండో నంబరు.

ఎగతాళిగా అనలేదు. బతిమాలుతూ అంది. కానీ ఎక్స్‌టర్నల్ ముందు నా మాటే నాకు అప్పజెప్పినట్టు వినబడింది. ఒళ్లు మండిపోయింది. "నీ చెవిలో ఉండేది మగ్గం. ఆయమ్మ నాడి కాదు. పో," అన్నాను.

"ఈ పాప పట్టుకున్నంత సేపు నా చెయ్యి ఎవురూ పట్టుకోల్యామ్మా," అంది ముసలమ్మ, మా గొడవ అర్థం కాక. ఎక్స్‌టర్నల్ కాగితం మీద ఏదో రాసింది. లేనిది ఉన్నట్టు చెప్పడం తప్పని, పైగా పెద్దవాళ్లతో వాదించడం ఇంకా పెద్ద తప్పని అన్నది. పదకొండో నంబరు మంచం మీద దుప్పటి సరిచేసి బయటికి వెళ్లింది.

సాయంత్రం హాస్టల్లో లెక్క చూస్తే ఆమె లేదు. ట్రంకు పెట్టె కూడా లేదు. ఎమ్మిగనూరు బస్సెక్కిందని వాచ్‌మన్ చెప్పాడు. అలిగింది, రెండు రోజులకు వస్తుందిలే అనుకున్నాను.

మూడో రోజు ముసలమ్మకు మూతి వంకర పోయింది, కుడి చెయ్యి పడిపోయింది. కర్నూలు పంపించారు. పదిహేను రోజుల తర్వాత కాలి కట్టు మార్పించుకోవడానికి కొడుకు ఆమెను మా ఆస్పత్రికి తీసుకొచ్చాడు. చేతిలో కర్నూలు కాగితం ఉంది. గుండె ఒక తీరుగా కొట్టుకోవడం లేదని, అందువల్లే పక్షవాతం వచ్చిందని అందులో రాసి ఉంది. దాన్ని నేను నిలబడి మూడుసార్లు చదివాను. ముసలమ్మ మాట తడబడుతున్నా నన్ను అడిగింది ఒక్కటే, "ఆ పాప యాడ?"

కాగితం పట్టుకుని పెద్ద మేడమ్ దగ్గరికి పరిగెత్తాను. ఆమె చదివింది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"సిస్టర్, ఫలితాలు యూనివర్సిటీకి వెళ్లిపోయాయి. ఇప్పుడు మనం తప్పు చూశామని చెబితే మిగిలిన పంతొమ్మిదిమంది పరీక్ష కూడా మళ్లీ పెట్టమంటారు. ఆ అమ్మాయి ఆరునెలల్లో సప్లిమెంటరీ రాసుకుంటుంది. నువ్వు వెళ్లి తీసుకురా."

నేను వెళ్లాలి. ఆదోని నుంచి ఎమ్మిగనూరు ఎంత దూరం? గంట ప్రయాణం. ఆ వారం వెళ్లలేదు, తర్వాతి వారం గుర్తింపు కమిటీ వస్తోందని రిజిస్టర్లన్నీ కొత్తగా రాసే పని నా మీద పడింది. స్కేలు పెట్టి గీతలు గీసి, నా చేతులతో నేనే పన్నెండో నంబరును పదకొండు చేశాను, పదమూడును పన్నెండు చేశాను. మధ్యలో ఖాళీ కనబడితే కమిటీ అడుగుతుందట. పాత పన్నెండో నంబరు పిల్ల వారం రోజులు కొత్త నంబరుకు పలకలేదు. "నాది కాదు మేడమ్ ఆ నంబరు," అనేది. గుర్తింపు వచ్చింది. అందరూ పాసయ్యారని అట్ట మీద రాసి గోడకు తగిలించారు. ఆ రాత ఇప్పటికీ మీ ఆఫీసు గదిలో ఫ్రేములో ఉంది, చూసే ఉంటారు.

ఆ తర్వాతైనా ఎందుకు వెళ్లలేదని మీరడగొచ్చు. భయమా, సిగ్గా, ఇంత ఆలస్యంగా వెళ్లి ఏం చెప్పాలన్న బద్ధకమా, నాకే తేలలేదు. ఏళ్లు గడిచాయి, రిటైరయ్యాను. పోయిన ఏడాది ఆ సావనీర్ ఫోన్ వచ్చాక, స్కూలు మొదలైన మేడ ఒకసారి చూసి రావాలని నాకు నేను చెప్పుకుని బస్సెక్కాను. మేడ కోసం వెళ్లానో ఆమె కోసం వెళ్లానో బస్సులో కూర్చున్నంత సేపూ అర్థం కాలేదు.

నేతవీధిలో దిగాక అసలు కష్టం తెలిసింది. నాకు ఆమె పేరు తెలియదు. రిజిస్టర్లో నేను మళ్లీ రాయని పేరు నా బుర్రలో మాత్రం ఎందుకుంటుంది? వాకిట్లో కూర్చుని నూలు కండెలు చుడుతున్న ఒక ఆవిడను అడిగాను.

"అమ్మా, ఈడ పదకొండో నంబరు యాడుంటుంది?"

"ఆ మూల ఇల్లు సూడు," అంది ఆమె తల ఎత్తకుండా.

వెళ్తే తలుపు మీద పదకొండు అని రాసి ఉంది. లోపలి నుంచి ఒక పెద్దాయన వచ్చి, కరెంటు బిల్లుకు వచ్చానేమో అనుకుని నిన్ననే కట్టేశామని చెప్పాడు. కాదు, నర్సు పిల్ల అన్నాను. మా ఇంట్లో నర్సులు లేరన్నాడు. చుట్టుపక్కల నలుగురు చేరారు. నేను చెప్పేది వాళ్లకు అర్థం కాదు, వాళ్లు అడిగేది నాకు అర్థం కాదు. పాత మేడ ఎక్కడని అడిగితే ఒకాయన దక్షిణం చూపించాడు, ఒకాయన ఉత్తరం చూపించాడు. చివరికి నేనే తల పట్టుకుని అన్నాను, "అప్పా, మగ్గం ఆగకముందే పోగు తెగిందని చెప్పే పిల్ల."

"అట్ల సెప్పొచ్చు గదమ్మా ముందే," అని అందరూ ఒకేసారి నేను మొదట మాట్లాడించిన కండెల ఆవిడ వైపు చూపించారు.

ఆమె అప్పటికే లేచి నిలబడి ఉంది. తల ఒకవైపుకు వంచింది. జుట్టు సగం నెరిసింది.

"మేడమ్," అంది. "పదకొండో నంబరంటే నేనని నేనే మర్చిపోయింటి."

లోపలికి తీసుకెళ్లింది. వాళ్ల అన్న మగ్గం మీద ఉన్నాడు. ఆమెకు మంచినీళ్లు తేవాలో, కాఫీ పెట్టాలో, నన్ను కూర్చోబెట్టాలో తెలియలేదు. మూడూ ఒకేసారి చేయబోయింది. నాకూ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. సప్లిమెంటరీ ఎందుకు రాయలేదని అడిగాను. ఎంత మతిలేని ప్రశ్న అది!

"సప్లిమెంటరీనా? నేను ఫెయిలైనానా మేడమ్?" అంది ఆశ్చర్యంగా. "నాకెవురూ సెప్పల్యా. నేను ఆ దినమే వచ్చేస్తి గదా."

"మరి ఎందుకొచ్చేశావు?"

ఆమె కండె చేతిలోకి తీసుకుంది. "మీరు మాకు నిండు నిమిషం నేర్పించిన మేడమ్. మీరే చెయ్యి పట్టుకుని బాగుందంటిరి. మీరు తప్పు సెప్పరు గదా. అంటే నా చేతి ఏళ్లే మంచివి కావనుకుంటి. ఏళ్లు మంచివి కాని నర్సు ఆడుండి ఏం సేస్తాది? ఎవురినన్నా సంపుతాదేమో. అందుకే ఇంటికి వచ్చేస్తి. అప్పట్నుంచి ఎవురి చెయ్యీ పట్టుకోలేదు. మా అమ్మకు బాగాలేనప్పుడు కూడా పట్టుకోలేదు."

నేను తిట్లు తినడానికి సిద్ధపడి వెళ్లాను. ఆమె నా మీద కోపంతో వెళ్లిపోయిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. నన్ను నమ్మి వెళ్లిపోయిందని అప్పుడు తెలిసింది. అంతా చెప్పాను. పదిహేను సెకన్ల సంగతి చెప్పాను, కర్నూలు కాగితం సంగతి చెప్పాను, రిజిస్టర్ సంగతి చెప్పాను. ఏడుస్తూ చెప్పాను, సిగ్గుపడటం లేదు.

ఆమె మొదట అడిగింది నా గురించి కాదు, తన గురించి కాదు.

"ఆయమ్మ బతికిందా మేడమ్?"

"ఇంకో ఆరేళ్లు బతికింది. చెయ్యి మాత్రం రాలేదు. వచ్చినప్పుడల్లా నిన్నడిగేది."

ఆమె కండె పక్కన పెట్టింది. తర్వాత చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, బొటనవేలు కింద వెతికి, మూడు వేళ్లు ఆనించింది. గోడ గడియారం వైపు చూసింది.

"అన్నా, ఒగ నిమిషం మగ్గం ఆపు," అంది.

మగ్గం ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఆమె తల ఒకవైపుకు వంచింది. నిండు నిమిషం అయింది.

"డెబ్బై నాలుగు మేడమ్. ఒగ తీరుగా ఉంది," అని చెయ్యి వదిలింది. అప్పుడు ఏడ్చింది.

ఆమె పేరు అడిగి రాసుకుని బయల్దేరాను. తిరుగు బస్సులో కూర్చున్నాక నా కుడిచేతి వేళ్లు వాటంతటవే ఎడమచేతి మణికట్టు మీదికి వెళ్లాయి. కళ్లు వాచీ మీదికి వెళ్లాయి. ఏం చేస్తున్నానో తెలిసేసరికి పదిహేను సెకన్లు గడిచాయి. బుద్ధి ఎక్కడికి పోతుంది? చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఆ డెబ్బై నాలుగును ఇంతవరకు నేను సరిచూడలేదు.

ఇంటికొచ్చి చరిత్ర రాసి పంపించాను. మర్నాడే ప్రిన్సిపాల్ ఫోన్ చేసింది.

"మేడమ్, మొదటి బ్యాచి ఇరవై అని రాసినారు. రిజిస్టర్లో పంతొమ్మిదే ఉండారు. అందరూ పాసైనారని ఫ్రేములో ఉంది. పిల్లలు తికమక పడతారు మేడమ్."

"పడనీ. నేను పడలేదా ఇన్నేళ్లు?"

"అట్ల కాదు మేడమ్, యూనివర్సిటీ వాళ్లు ఆధారం అడుగుతారు. ఫెయిలైన వాళ్లు ఉండారంటే ఎవురు ఫెయిలైనారని అడుగుతారు."

"ఆ రోజు ఫెయిలైంది ఇంటర్నల్ ఎగ్జామినర్ అని చెప్పు. నా సంతకంతో కాగితం కావాలంటే ఇప్పుడే పంపిస్తాను."

అవతల పెన్ను మూత తీసిన చప్పుడు వినిపించింది.

"పదకొండో నంబరు పేరేంది మేడమ్? సెప్పండి, రాసుకుంటా."

చెప్పాను. ఇంటిపేరుతో సహా, రెండుసార్లు చెప్పాను.